ఒక్కరోజులో ఎత్తైన శిఖరం: తొలిసారి ఎక్కేవారి కోసం

తొలిసారి ఒక ఎత్తైన శిఖరం మీదికి బయలుదేరేవారిలో చాలామందిని వేధించే ప్రశ్న ‘నేను పైదాకా ఎక్కగలనా’ అన్నది. దానికి జవాబు కొండ మీదే తెలుస్తుంది కాబట్టి ఇంట్లో కూర్చుని దాని గురించి బెంగపడి ప్రయోజనం లేదు. ఇంట్లోనే తేల్చుకోగలిగినది, తప్పనిసరిగా తేల్చుకోవలసినది మరొకటి ఉంది: ఎన్ని గంటలకు వెనక్కి తిరగాలి? ఆ ఒక్క సమయం కాగితం మీద రాసుకున్న తరువాత, ఎప్పుడు బయలుదేరాలి, ఎంత వేగంతో నడవాలి, సంచిలో ఏముండాలి అన్నవన్నీ దాని నుంచే వరసగా తేలుతూ వస్తాయి. అందుకే ఈ వ్యాసంలో ప్రణాళికను చివరి నుంచి మొదటికి వేసే పద్ధతిని చెబుతున్నాను.

ఇక్కడ చెప్పేది సముద్రమట్టానికి 3,000 నుంచి 4,400 మీటర్ల వరకు ఎత్తున్న శిఖరాల గురించి మాత్రమే. వాటిలోనూ తాడు, మంచుగొడ్డలి అవసరం లేనివి, కాలిబాట స్పష్టంగా కనబడేవి, దారిలో మంచు కరిగిపోయిన రుతువులో తెల్లవారుజామున బయలుదేరి పొద్దు ఉండగానే దిగి రాగలిగినవి మన లెక్కలోకి వస్తాయి. అమెరికాలోని రాకీ పర్వతాలలో అన్నిటికన్నా ఎత్తైన ఎల్బర్ట్ శిఖరం (4,401 మీటర్లు) ఇటువంటిదే. అంత ఎత్తున్నా దాని మామూలు దారి ఆద్యంతం కాలినడక దారే. ఎత్తుకూ కష్టానికీ నేరుగా సంబంధం లేదన్న సంగతి దీన్ని బట్టి గ్రహించవచ్చు. 2,500 మీటర్ల కొండకైనా అంచు వెంట చేతులతో పట్టుకుని పాకవలసిన దారి ఉంటే అది తొలిసారి ఎక్కేవారికి తగినది కాదు.

కొండను ఎంచుకునేటప్పుడు మూడు అంకెలు చూసుకోవాలి: నడక మొదలయ్యే చోటు ఎత్తు, శిఖరం ఎత్తు, రానూపోనూ దూరం. మొదటి రెండింటి తేడాయే మీ కాళ్ళు మోయవలసిన అసలు బరువు. తొలి ప్రయత్నానికి ఆ తేడా 1,000 మీటర్ల చుట్టుపక్కల, దూరం 12 నుంచి 15 కిలోమీటర్ల మధ్య ఉంటే సరిపోతుంది. సమోన్నత రేఖలున్న (అంటే ఒకే ఎత్తున్న చోట్లను కలుపుతూ గీసిన గీతలున్న) పటం దొరికితే తప్పకుండా తెచ్చుకుని, దారి వెంట వేలు పెట్టి చూడండి. రేఖలు ఒకదాన్నొకటి ఒరుసుకున్నట్లు దగ్గరగా ఉన్నచోట వాలు నిట్రంగా ఉంటుంది, ఎడంగా ఉన్నచోట ఊపిరి పీల్చుకునే వీలుంటుంది. ఏ మలుపు దగ్గర ఏటవాలు మొదలవుతుందో ముందే తెలిసినవారు అక్కడికి చేరేసరికి బలం మిగుల్చుకుని ఉంటారు.

కాలం లెక్క

స్కాట్లాండ్‌కు చెందిన విలియం నైస్మిత్ అనే పర్వతారోహకుడు 1892లో చెప్పిన ఒక సులభమైన సూత్రాన్ని ఇప్పటికీ కొండ నడకవారు వాడుతున్నారు. ప్రతి 5 కిలోమీటర్ల దూరానికి ఒక గంట, దానికి తోడు ఎక్కవలసిన ప్రతి 600 మీటర్లకు మరొక గంట కలపాలి. మీ దారి శిఖరం దాకా 7 కిలోమీటర్లు, ఎక్కవలసిన ఎత్తు 1,100 మీటర్లు అనుకుందాం. దూరానికి దాదాపు గంటా 25 నిమిషాలు, ఎత్తుకు గంటా 50 నిమిషాలు, మొత్తం మూడుంబావు గంటలు అవుతుంది. అయితే ఈ సూత్రం గట్టి నడకవారి కోసం, పలుచని గాలి లేనిచోటి కోసం చెప్పినది. పైగా ఇందులో విశ్రాంతికి చోటు లేదు. తొలిసారి ఎక్కేవారు వచ్చిన అంకెను ఒకటిన్నర రెట్లు చేసుకోవాలి. అప్పుడది దాదాపు ఐదు గంటలు అవుతుంది. ఆగినప్పుడల్లా పోయే సమయం కోసం ఇంకొక గంట కలిపితే ఆరు.

ఇప్పుడు వెనక నుంచి రండి. ఎత్తైన కొండల మీద ఎండాకాలంలో పిడుగుల వాన సాధారణంగా మధ్యాహ్నం దాటాక వస్తుంది. ఉదయమంతా ఎండకు కాగిన వాలుల మీదుగా వేడిగాలి పైకి లేచి, చల్లబడి, మబ్బుగా పేరుకోవడానికి ఆ మాత్రం సమయం పడుతుంది. అందువల్ల ఒంటిగంటకల్లా చెట్లు మొదలయ్యే ఎత్తు కిందికి దిగివచ్చి ఉండాలి. శిఖరం నుంచి అక్కడికి గంటన్నర పడుతుందనుకుంటే, పైన ఇరవై నిమిషాలు గడిపినా, 11 గంటలకు శిఖరం మీద ఉండాలి. పైకి వెళ్ళడానికి ఆరు గంటలు కాబట్టి 5 గంటలకు మొదటి అడుగు పడాలి. ఇక్కడ 11 గంటలన్నదే తిరుగు సమయం. ఆ వేళకు శిఖరం కనుచూపు మేరలో ఉన్నా, మరో అరగంటలో చేరిపోతారని ఎదురొచ్చినవారు చెప్పినా వెనక్కి తిరగాలి. ‘మరో అరగంటే’ అన్న మాట కొండ దిగుతున్నవారు ఎక్కుతున్నవారికి ఇచ్చే ఉదారమైన అబద్ధమని రెండు మూడు కొండలు ఎక్కినవారందరికీ తెలుసు.

ఈ లెక్కను ఒక చీటీ మీద రాసి, వెంట రానివారిలో నమ్మకమైన ఒకరికి ఇవ్వాలి. ఏ కొండ, ఏ దారి, ఎంతమంది, ఎన్నింటికి దిగుతారు, ఏ వేళ దాటినా కబురు రాకపోతే సహాయక బృందానికి ఫోను చేయాలి అన్న ఐదు సంగతులు అందులో ఉంటే చాలు.

పలుచని గాలి

సముద్రమట్టంలోనైనా శిఖరం మీదనైనా గాలిలో ప్రాణవాయువు వంతు దాదాపు 21 శాతమే. మారేది గాలి ఒత్తిడి. 3,000 మీటర్ల దగ్గర అది సముద్రమట్టంలో ఉన్నదానిలో దాదాపు 70 శాతానికీ, 4,000 మీటర్ల దగ్గర 60 శాతానికీ పడిపోతుంది. అంటే అక్కడ పీల్చే ప్రతి శ్వాసలోనూ ఆ మేరకు ప్రాణవాయువు తక్కువగా అందుతుంది. 1787లో మాంట్ బ్లాంక్ ఎక్కిన జెనీవా శాస్త్రవేత్త సొస్యూర్ శిఖరం దగ్గర కొద్ది అడుగులకోసారి ఆగి ఊపిరి తీసుకోవలసి వచ్చిందని రాసుకున్నాడు. ఆ అవస్థకు మూలం ప్రాణవాయువు ఒత్తిడి తగ్గడమేనని ఫ్రెంచి శరీరశాస్త్రవేత్త పాల్ బెర్ ప్రయోగాలతో నిరూపించి 1878లో ప్రకటించాడు. కాబట్టి చివరి మూడు వందల మీటర్లలో పది అడుగులకోసారి నిలబడిపోవలసి వస్తే దాన్ని చేతకానితనంగా తలచనక్కరలేదు.

ఆయాసం వేరు, ఎత్తు జబ్బు వేరు. ఆయాసం ఆగితే తగ్గుతుంది. ఎత్తు జబ్బు సాధారణంగా 2,500 మీటర్లు దాటాక, చేరిన కొన్ని గంటల తరువాత తలనొప్పితో మొదలై, వికారం, తల తిరగడం, అన్నం సయించకపోవడం, మితిమీరిన నీరసం తోడు తెచ్చుకుంటుంది. రోజూ వ్యాయామం చేసేవారికి ఇది రాదనుకోవడం పొరపాటు. గట్టి దేహం వల్ల వేగం వస్తుందే గాని ఎత్తు నుంచి రక్షణ రాదు. నిజానికి ఆ వేగమే వారిని త్వరగా పైకి చేర్చి ఇబ్బందిలోకి నెడుతుంది. వీలైతే ముందు రోజు రాత్రి, ఇంకా వీలైతే రెండు రాత్రులు, 2,400 నుంచి 2,700 మీటర్ల మధ్య ఎక్కడైనా నిద్రించాలి. ఆ రాత్రులలో మద్యం, నిద్రమాత్రలు పనికిరావు, ఎందుకంటే అవి శ్వాసను మందగింపజేస్తాయి. ఎత్తుకు అలవాటు పడటానికి ఎసిటజోలమైడ్ అనే మందు ఉంది గాని, దాన్ని వైద్యుడి సలహాతోనే తీసుకోవాలి. గుండె, ఊపిరితిత్తుల జబ్బులున్నవారు, గర్భిణులు అసలు ప్రయాణం గురించే ముందు వైద్యుడిని అడగాలి.

దారిలో తలనొప్పి మొదలైతే ఒకచోట కూర్చుని నీళ్ళు తాగి, ఏదైనా తిని ఇరవై నిమిషాలు ఆగి చూడండి. పూర్తిగా పోతే మెల్లగా ముందుకు వెళ్ళవచ్చు. పోకపోయినా, దానికి వికారమో తల తిరగడమో తోడైనా ఇక ఒక్క మీటరు కూడా పైకి వెళ్ళకూడదు. సాధారణంగా 300 నుంచి 1,000 మీటర్లు దిగేసరికి మనిషి తేరుకుంటాడు. కూర్చుని ఉన్నా ఆయాసం తగ్గకపోవడం, దగ్గుతో నురగ పడటం ఊపిరితిత్తులలో నీరు చేరుతున్నదనడానికి గుర్తులు. మాట తడబడటం, తికమక పడటం, ఒక పాదం మడమను రెండో పాదం వేళ్ళకు ఆనించి గీత మీద నడిచినట్లు పదడుగులు వేయలేకపోవడం మెదడులో వాపునకు గుర్తులు. ఈ రెండు స్థితుల్లోనూ ఆలస్యం ప్రాణాంతకం. ఆ మనిషిని ఒంటరిగా పంపకుండా, వెంట ఒకరు నడుస్తూ వెంటనే కిందికి దించాలి, సహాయానికి కబురు పెట్టాలి.

ముందస్తు సాధన

ఆరు నుంచి ఎనిమిది వారాల సాధన చాలు. దానికి మెట్లను మించిన పరికరం లేదు. ఒక అంతస్తు సుమారు మూడు మీటర్లనుకుంటే, వంద అంతస్తులు ఎక్కితే మూడు వందల మీటర్లు ఎక్కినట్లే. వారానికి రెండు మూడు రోజులు మెట్లు, ఒక రోజు సుదీర్ఘమైన నడక పెట్టుకుని, చివరి వారాలలో కొండ మీదికి తీసుకువెళ్ళే సంచినే, అంతే బరువుతో వీపున వేసుకోవాలి. చాలామంది మెట్లు ఎక్కి లిఫ్టులో దిగుతారు. అది సగం సాధనే. దిగేటప్పుడు తొడ కండరాలు సాగుతూనే బరువు ఆపవలసి వస్తుంది. అలవాటు లేని కండరం ఆ పనికి లోపల చిట్లి, మరునాటి నుంచి రెండు మూడు రోజులు కుర్చీలోంచి లేవనివ్వదు. ముందే కొన్నిసార్లు దిగిన కండరం దాన్ని బాగా తట్టుకుంటుంది. అసలు రోజుకు వారం పది రోజుల ముందు, 600 మీటర్ల వరకు ఎత్తు పెరిగే చిన్న కొండ ఒకటి ఇవే బూట్లతో ఎక్కి దిగితే మీ వేగమెంతో ఊహకు బదులు అనుభవంతో తెలుస్తుంది.

పాదాలు

కొండ ప్రయాణాన్ని చెడగొట్టే చిన్న కారణాలలో మొదటిది మడమ మీది బొబ్బ. నా తొలి ఆరోహణలో ఎడమ మేజోడు మడమ దగ్గర ఒక సన్నని మడత పడింది. గంట నడిచాక అక్కడ కొద్దిగా వెచ్చగా, చురచురలాడుతున్నట్లు అనిపించింది. మిగతావారిని ఆపడం మొహమాటమై అలాగే నడిచాను. దిగి బూటు విప్పేసరికి రూపాయి బిళ్ళంత చర్మం లేచి మేజోడుకు అంటుకుని ఉంది. ఆ వెచ్చదనం తెలిసిన క్షణమే ఆగి, బూటు విప్పి, పాదం తుడిచి, మేజోడు సరిచేసి, ఆ చోట అంటుపట్టీ నున్నగా, అంచులు లేవకుండా అతికించి ఉంటే పోయేది మూడు నిమిషాలు. మొహమాటపడి నడిచినందుకు నాకు పది రోజులు పట్టింది.

కొత్త బూట్లతో శిఖరానికి వెళ్ళకూడదు. కనీసం నలభై యాభై కిలోమీటర్లు నడిచి, పాదానికీ బూటుకూ మధ్య ఉన్న తగాదాలన్నీ ముందే తీర్చుకోవాలి. కొనేటప్పుడు సాయంత్రం పూట, పాదాలు కొద్దిగా ఉబ్బి ఉన్న వేళ, మందపు మేజోళ్ళు తొడుక్కుని చూడాలి. బొటనవేలి ముందు వేలెడు ఖాళీ లేకపోతే దిగేటప్పుడు గోరు బూటు ముందుభాగానికి కొట్టుకుని నల్లబడుతుంది. రెండు రోజుల ముందు కాలిగోళ్ళు పొట్టిగా కత్తిరించుకోవడం కూడా ఇందుకే. మేజోళ్ళు ఉన్నివో కృత్రిమ దారంతో అల్లినవో కావాలి. నూలు మేజోడు చెమటకు తడిసి, ముడతపడి, చర్మాన్ని రాస్తుంది.

దుస్తులు, సంచి

ప్రతి 1,000 మీటర్ల ఎత్తుకూ ఉష్ణోగ్రత సగటున ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. కింద 20 డిగ్రీలున్న ఉదయం, 1,500 మీటర్లు పైనున్న శిఖరం మీద 10 డిగ్రీలకు చేరుతుంది. దానికి గాలి తోడైతే లెక్క ఇంకా మారుతుంది. సున్నా డిగ్రీల దగ్గర గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వీచే గాలి చర్మానికి మైనస్ 7 డిగ్రీల్లా తగులుతుంది. అందువల్ల ఒకే మందమైన కోటుకన్నా పొరలు పొరలుగా వేసుకోవడం మేలు. లోపల చెమటను బయటికి పంపే పలుచని బనీను, దాని పైన వెచ్చదనాన్నిచ్చే ఉన్ని లేదా ఫ్లీస్ పొర, అన్నిటి పైన గాలినీ వాననూ ఆపే జాకెట్ ఉండాలి. నూలు బట్ట కింద ఎంత సుఖంగా ఉంటుందో పైన అంత ప్రమాదకరం, ఎందుకంటే తడిసిన నూలు ఆరదు, ఒంటి వేడిని లాగేస్తుంది. బయలుదేరేటప్పుడు కొద్దిగా చలిగా అనిపించేలా బట్టలు వేసుకోవడం అనుభవజ్ఞుల అలవాటు. పది నిమిషాల నడకతో ఒళ్ళు వెచ్చబడుతుంది; ముందే వెచ్చగా బయలుదేరినవారు చెమటతో తడిసి, మొదటిసారి ఆగగానే వణుకుతారు.

సంచిలో చొక్కాలకన్నా ముందు చేరవలసినవి టోపీ, చేతితొడుగులు, తలకు కట్టుకునే దీపం, దానికి అదనపు బ్యాటరీలు, పటం, దిక్సూచి, ఈల, ప్రథమ చికిత్స సామాను, ఎండ కళ్ళద్దాలు, సన్‌స్క్రీన్, అత్యవసరంలో ఒంటికి చుట్టుకునే వెండిరంగు పల్చని దుప్పటి. పగలే దిగివస్తామని దీపం వదిలేయకూడదు. ఎలాగూ చీకట్లోనే బయలుదేరుతాం, పైగా ఆలస్యమైన రోజున దాన్ని మించిన ఆప్తుడు ఉండడు. ప్రతి 1,000 మీటర్లకు అతినీలలోహిత కిరణాలు సుమారు పది శాతం పెరుగుతాయి కాబట్టి చల్లగా ఉన్నా చర్మం కాలుతుంది. చెవి అంచులు, ముక్కు కింది భాగం, మెడ వెనుక సన్‌స్క్రీన్ రాయడం అందరూ మరిచేవే. ఫోనును లోపలి జేబులో ఒంటికి ఆనుకుని ఉంచాలి. చలికి బ్యాటరీ నలభై శాతం నుంచి హఠాత్తుగా ఆరిపోవడం అక్కడ మామూలే.

నీళ్ళు మనిషికి మూడు లీటర్లు. ఉజ్జాయింపుగా గంటకు అర లీటరు. ఊట నీరు ఎంత తేటగా ఉన్నా వడగట్టకుండా, లేదా శుద్ధి మాత్ర వేసి చెప్పినంతసేపు ఆగకుండా తాగకూడదు. దాహం లేకున్నా లీటర్లకు లీటర్లు తాగడం కూడా మంచిది కాదు. అది రక్తంలో ఉప్పును పలుచన చేస్తుంది. అందుకే తిండిలో కొంత ఉప్పు తగిలేది ఉండాలి. ఎత్తు మీద ఆకలి చస్తుంది. ఇష్టమైనవి, నమలడానికి కష్టం లేనివి తెచ్చుకుని, ఆకలి కోసం చూడకుండా గంటకోసారి నాలుగు ముద్దలు తినాలి.

నడక

మొదటి అరగంట మీకు సిగ్గు వేసేంత మెల్లగా నడవండి. పక్కవారితో పూర్తి వాక్యం మాట్లాడగలిగినంతసేపు మీ వేగం సరైనదే. నాలుగు మాటలకు ఊపిరి తెగితే తగ్గించండి. వడివడిగా నడిచి, ఆగి, మళ్ళీ వడివడిగా నడిచేవారిని ఆగకుండా తాపీగా సాగేవారు రెండో గంటకల్లా దాటిపోతారు. గంటకు ఒకసారి ఐదు నుంచి పది నిమిషాల విశ్రాంతి చాలు. అంతకన్నా ఎక్కువ కూర్చుంటే కండరాలు చల్లబడతాయి.

వాలు నిట్రంగా మారినప్పుడు పనికివచ్చే ఒక అడుగు ఉంది. ముందు కాలు పైరాయి మీద ఆనించి, బరువంతా ఇంకా వెనక కాలి మీదే ఉంచి, ఆ వెనక మోకాలిని పూర్తిగా నిటారుగా బిగించాలి. ఆ క్షణంలో శరీరాన్ని మోసేది కండరం కాదు, ఎముక; అందువల్ల తొడకు ఒక సెకను విశ్రాంతి దొరుకుతుంది. ఊపిరి తీసుకుని, బరువు ముందుకు మార్చి, లేచి, మళ్ళీ అదే. పైన గాలి పలుచబడేకొద్దీ అడుగుకు ఒక శ్వాస, తరువాత అడుగుకు రెండు శ్వాసలు అన్న లయ కుదురుతుంది. చూసేవారికి పెళ్ళినడకలా కనిపించినా, రెండు వేల అడుగుల పాటు ఆ సెకను విశ్రాంతిని కూడబెట్టినవారి కాళ్ళు శిఖరం దగ్గర కూడా మాట వింటాయి. చేతికర్రలు వాడేవారు ఎక్కేటప్పుడు మోచేయి లంబకోణంలో ఉండేలా, దిగేటప్పుడు ఐదు నుంచి పది సెంటీమీటర్లు పొడవుగా అమర్చుకోవాలి.

మెలికల దారి ఉన్నచోట అడ్డదారి తొక్కకూడదు. అక్కడ మట్టి కొట్టుకుపోవడం, కిందివారి మీదికి రాళ్ళు దొర్లడం, మీ ఊపిరి వృథా కావడం మూడూ జరుగుతాయి. కాలి కింద రాయి కదిలి దొర్లితే గట్టిగా ‘రాయి’ అని అరవడం మర్యాద మాత్రమే కాదు, కిందివారి తల కాపాడటం.

ఆకాశం

ముందు రోజు సాయంత్రం వాతావరణ సూచన చూసేటప్పుడు కింది ఊరి సూచన సరిపోదు, శిఖరం ఎత్తుకు ఇచ్చిన సూచన చూడాలి. పిడుగులు పడే అవకాశం ఉదయానికే ఉందంటే ఆ రోజు వెళ్ళకపోవడమే పద్ధతి. దారిలో ప్రతి విశ్రాంతికీ ఆకాశాన్ని నాలుగు దిక్కులా చూసే అలవాటు చేసుకోవాలి. తెల్లని దూది మబ్బులు నిలువుగా, గోబీపువ్వులా ఎదుగుతూ అడుగు భాగం నల్లబడుతుంటే గడియారం ఎంత చూపిస్తున్నా తిరుగు సమయం అయినట్లే.

మెరుపుకూ ఉరుముకూ మధ్య సెకన్లు లెక్కపెట్టి మూడుతో భాగిస్తే దూరం కిలోమీటర్లలో వస్తుంది. 30 సెకన్లకన్నా తక్కువైతే పిడుగు పది కిలోమీటర్ల లోపల ఉన్నట్లు, మీరు దాని పరిధిలో ఉన్నట్లు. వెంటనే శిఖరాన్ని, కొండ వెన్నును వదిలి దిగాలి. ఒంటరి చెట్టు కింద, లోతులేని గుహలో, రాతి చూరు కింద దాక్కోవడం బయట నిలబడటం కన్నా హాని. గుంపుగా ఉంటే ఒకరికొకరు ఎడంగా విడిపోవాలి. దిగే వీలే లేకపోతే పల్లమైన చోట పాదాలు దగ్గరగా చేర్చి, సంచి మీద గొంతుక్కూర్చోవాలి, పడుకోకూడదు. చివరి ఉరుము వినబడ్డాక అరగంట దాకా తిరిగి పైకి వెళ్ళే ఆలోచన చేయకూడదు.

తడిసి, గాలి కొట్టిన మనిషి వణుకుతూ, మాటలు నసుగుతూ, జిప్పు కూడా లాగలేక తడుముకుంటుంటే ఒంటి వేడి 35 డిగ్రీల కిందికి జారుతున్నదని అనుమానించాలి. గాలి తగలని చాటుకు తీసుకువెళ్ళి, తడిబట్టలు తీసి పొడివి తొడిగి, కింద సంచి పరిచి కూర్చోబెట్టి, స్పృహ బాగుంటే తీపి పదార్థం తినిపించాలి. తానే ‘నేను బాగానే ఉన్నాను’ అంటే నమ్మవద్దు. ఆ స్థితిలో మనిషి విచక్షణే ముందు పోతుంది.

శిఖరం దగ్గర

చాలా కొండలకు ఒకటి రెండు మాయశిఖరాలు ఉంటాయి. కింది నుంచి చూసి అదే చివరిదనుకుని, శక్తినంతా అక్కడ ఖర్చుపెట్టి, గట్టు ఎక్కగానే దాని వెనుక మరో గట్టు కనబడినప్పుడు కాళ్ళకన్నా ముందు మనసు కూలిపోతుంది. పటంలో వాటిని ముందే గుర్తుపెట్టుకుని, ఎత్తు చూపే గడియారమో ఫోనో ఉంటే మిగిలిన మీటర్లను అంకెగా చూసుకోవడం మంచి మందు. పైన ఎక్కువసేపు ఉండవద్దు. చేరగానే చెమట ఆరకముందే జాకెట్ తొడుక్కుని, తిని, తాగి, ఫొటోలు తీసుకుని, దిగేదారి మొదలు ఎటువైపు ఉందో మరోసారి నిర్ధారించుకోండి. శిఖరం నుంచి అన్ని వెన్నులూ ఒకేలా కనిపిస్తాయి, మబ్బు కమ్మిన ఐదు నిమిషాలలో తప్పు వెన్ను పట్టడం ఎంతో తేలిక.

దిగడం

సగం దారి ఇంకా మిగిలే ఉంది, అదీ అలసిన కాళ్ళతో. శిఖరం మీదే బూట్ల తాళ్ళు విప్పి మళ్ళీ కట్టాలి. మడమను బూటు వెనుక భాగానికి గట్టిగా తన్నిపెట్టి, చీలమండ వంపు దగ్గర తాడును రెండుసార్లు మెలివేసి బిగిస్తే పాదం ముందుకు జారదు, వేళ్ళు కొట్టుకోవు. వేళ్ళ మీది భాగం మాత్రం వదులుగానే ఉంచాలి. అడుగులు చిన్నవిగా, మోకాళ్ళు కొద్దిగా వంచి, ఒంటిని వెనక్కి వాల్చకుండా నడవాలి. భయంతో వెనక్కి వాలినకొద్దీ బరువు మడమ మీద పడి పాదం జారుతుంది. సన్నని కంకర పరుచుకున్న గట్టి రాతిపలక అన్నిటికన్నా మోసకారి. గుళికల మీద నడిచినట్లే. అటువంటిచోట పాదం మొత్తం ఆనించి, కర్రను ముందు నాటి, తరువాతనే బరువు మార్చాలి.

అడుగు తప్పడం ఎక్కువగా జరిగేది కష్టమైన చోట కాదు, దారి సులువై కబుర్లలో పడినచోట. ఎక్కేటప్పుడు గంటకోసారి ఆగినవారు దిగేటప్పుడు కూడా ఆగాలి, తినాలి, తాగాలి. తొడలు వణకడం మొదలైతే అది ఆగమన్న గుర్తు.

దారి తప్పామన్న అనుమానం వస్తే అక్కడే ఆగి, చివరిసారి దారి గుర్తు ఖచ్చితంగా చూసిన చోటికి వెనక్కి నడవాలి. వాగు వెంట దిగితే ఊరు వస్తుందనే నమ్మకం చాలామందిని జలపాతాల అంచుకు చేర్చింది. కదలలేని దెబ్బ తగిలితే ఉన్న బట్టలన్నీ వేసుకుని, దుప్పటి చుట్టుకుని, ఈలతో గాని దీపంతో గాని నిమిషంలో ఆరుసార్లు సంకేతం ఇచ్చి, ఒక నిమిషం ఆగి, మళ్ళీ ఆరుసార్లు ఇస్తుండాలి. విన్నవారు నిమిషంలో మూడుసార్లు బదులిస్తారు. అది వినబడ్డాక కూడా, వారు మీ దగ్గరికి చేరేదాకా సంకేతం మానకూడదు. ఫోను కాల్ కలవనిచోట కూడా ఒక్కోసారి సందేశం వెళుతుంది కాబట్టి ఉన్న చోటు, దెబ్బ వివరం, ఎంతమంది ఉన్నారన్నది ఒకే సందేశంలో రాసి పంపాలి.

కిందికి చేరాక బూట్లు విప్పి పాదాలు చూసుకోండి, పొడి మేజోళ్ళు తొడుక్కోండి, బండి నడపవలసినవారైతే అరగంట కూర్చుని ఏదైనా తినండి. వీటన్నిటికన్నా ముందు, ఉదయం చీటీ ఇచ్చిన మనిషికి ఫోను చేసి దిగామని చెప్పండి. సంబరంలో అది మరిచిపోతే, మీరు హాయిగా నిద్రపోతున్న రాత్రివేళ కొందరు దీపాలు పట్టుకుని అదే కొండ మీద మీకోసం వెతుకుతుంటారు.